వానపాములో లోహం: ఎంత ఉందన్నది ఒక లెక్క, ఎక్కడ ఉందన్నది ఇంకో లెక్క

వానపాముల గురించి రెండు మాటలు తరచుగా వినబడతాయి. ఒకటి, నేలలో వానపాములు కనిపిస్తే ఆ నేల ఆరోగ్యంగా ఉన్నట్టే. రెండోది, వానపాములు సీసం, కాడ్మియం లాంటి భార లోహాలను ఒంట్లోకి లాగేసుకుని నేలను శుభ్రం చేస్తాయి. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. అయితే పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి పొసగవు. అంత లోహాన్ని ఒంట్లోకి తీసుకుంటూ వానపాము ఎలా బతుకుతోంది? బతికే ఉందంటే, అంతమాత్రాన ఆ నేల మంచిదని ఎలా అంటాం?

ఈ చిక్కు విడిపోవాలంటే రెండు ప్రశ్నలను వేరు చేయాలి. వానపాము ఒంట్లో లోహం ఎంత పేరుకుంది అన్నది మొదటిది. ఆ లోహం వల్ల దానికి ఎంత హాని జరిగింది అన్నది రెండోది. ఒకదాని జవాబు తెలిస్తే రెండోదాని జవాబు తెలిసిపోతుందని మనం అనుకుంటాం. చాలాసార్లు తెలియదు. బాగా పేరుకునే లోహం వానపామును పెద్దగా బాధపెట్టకపోవచ్చు, అంతగా పేరుకోని లోహమే దాని సంతతిని తుడిచిపెట్టవచ్చు.

మట్టిలో ఉన్నదంతా అందదు

పురుగుమందు ఎంత మొండిదైనా ఎప్పటికో ఒకప్పటికి విరిగిపోతుంది. లోహం మూలకం కాబట్టి దానికి విరగడం అన్నది లేదు. గనులు, లోహం కరిగించే కర్మాగారాల పొగ, మురుగునీటి బురద, కాడ్మియం కలిసి ఉండే ఫాస్ఫేట్ ఎరువులు, టైర్ల అరుగుదలతో రాలే జింక్, ఒకప్పటి పెట్రోల్లోని సీసం, ఇవన్నీ నేలలో చేరి అక్కడే ఉండిపోతాయి. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది. రోడ్ల పక్క మట్టిలో దిగిన సీసం మాత్రం అలాగే ఉంది.

మట్టి పరీక్షల్లో సాధారణంగా చేసేదేమిటంటే, మట్టిని గాఢమైన ఆమ్లాల్లో ఉడికించి లోహాన్ని బయటికి లాగి కొలవడం. రిపోర్టులో వచ్చే 'కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు' అన్న అంకె అదే. వానపాము పేగులో అలాంటి ఆమ్లం ఉండదు, అక్కడి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) దాదాపు తటస్థం. మొత్తం లోహంలో ఎక్కువ భాగం బంకమట్టికి, సేంద్రియ పదార్థానికి, ఇనుము-మాంగనీస్ ఆక్సైడ్లకు అంటుకుని ఉంటుంది. రేణువుల మధ్య ఉండే తడిలో కరిగి తిరిగే భాగం కొద్దిగానే ఉంటుంది. వానపాముకు తగిలేది ముఖ్యంగా ఆ కరిగిన భాగమే. అందుకే ఒకే కాడ్మియం అంకె ఉన్న రెండు నేలల్లో ఒకచోట వానపాములు కులాసాగా ఉంటే, ఇంకోచోట అల్లాడిపోవచ్చు.

ఇక్కడ పెత్తనం చేసేది పీహెచ్. నేల ఆమ్లంగా మారితే రేణువులకు అంటుకున్న కాడ్మియం, జింక్ వదులై నీటిలోకి దిగుతాయి. సున్నం వేస్తే మళ్లీ అంటుకుంటాయి. అయితే ఇందులోనే ఒక మెలిక ఉంది. ఆమ్లంలో పెరిగే హైడ్రోజన్ అయాన్లు, నేలలోని కాల్షియం అయాన్లు కూడా వానపాము చర్మం మీద లోహం దూరే చోట్ల కోసమే పోటీపడతాయి. కాబట్టి ఆమ్లత్వం ఒక చేత్తో లోహాన్ని విడిపిస్తూనే, ఇంకో చేత్తో దాన్ని కొంత అడ్డుకుంటుంది. నికరంగా ఏది గెలుస్తుందన్నది నేలను బట్టీ లోహాన్ని బట్టీ మారుతుంది. 'ఈ అంకె దాటితే ప్రమాదం' అని అన్ని నేలలకూ ఒకే గీత గీయడం అందుకే కష్టం.

నోరు మూసినా ఆగలేదు

వానపాము మట్టి తింటుంది కాబట్టి లోహం నోటిద్వారానే వెళ్తుందని ఎవరైనా అనుకుంటారు. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. లుంబ్రికస్ రుబెల్లస్ అనే జాతి వానపాముల నోళ్లను వైద్యంలో వాడే జిగురుతో అంటించేశారు. మట్టి మింగలేని ఆ వానపాములను, మామూలుగా తినే వాటిని లోహాలున్న మట్టిలో ఉంచి పోల్చారు. కాడ్మియం, రాగి, సీసం విషయంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జింక్‌లో మాత్రమే నాలుగో వంతు అటూఇటూ తిండి ద్వారా వెళ్తున్నట్టు తేలింది. మిగిలినదంతా చర్మం గుండా పోయినదే.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. వానపాముకు ఊపిరితిత్తులు లేవు, శ్వాసంతా చర్మంతోనే. ఆ చర్మం ఎప్పుడూ తడిగా, పలచగా ఉండి తీరాలి. ఆక్సిజన్‌కు తెరిచిన తలుపు నీటిలో కరిగిన లోహానికి కూడా తెరిచినట్టే. పైగా కాడ్మియం అయాన్ పరిమాణంలో కాల్షియంకు దగ్గరగా ఉంటుంది. కణాలు కాల్షియం కోసం పెట్టుకున్న దారుల్లోంచి అది దొంగచాటుగా దూరిపోగలదు.

దీన్ని పట్టుకుని తిండి దారిని పూర్తిగా కొట్టిపారేయకూడదు. అది ఒక జాతి మీద, కొన్ని నేలల్లో చేసిన ప్రయోగం. వానపాములన్నీ ఒకేలా బతకవు. కొన్ని నేల పైపొరలో రాలిన ఆకుల మధ్య ఉంటాయి, కొన్ని లోపలే ఉండి మట్టినే తింటూ తిరుగుతాయి, ఇంకొన్ని లోతైన నిలువు బొరియల్లో ఉండి రాత్రిపూట పైకొచ్చి ఆకులు లాక్కుపోతాయి. కర్మాగారం పొగ నుంచి రాలిన లోహం ముందుగా చేరేది పైపొరలోనే. ఏ జాతి ఏ పొరలో ఉంటుందన్న దాన్ని బట్టే దానికి తగిలే మోతాదు మారిపోతుంది.

ఒంట్లోకి వెళ్లాక

అసలు కథ ఇక్కడుంది. జింక్, రాగి వానపాముకు కావలసిన లోహాలే, ఎంజైములు పనిచేయాలంటే అవి ఉండాలి. అందుకని వాటిని అదుపులో పెట్టే ఏర్పాటు ఒంట్లో ముందే ఉంది. మట్టిలో జింక్ పది రెట్లు పెరిగినా వానపాములోని జింక్ పది రెట్లు పెరగదు, అదనంగా వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. కాడ్మియంతో దానికి ఏ పనీ లేదు, బయటికి పంపే దారి కూడా సరిగా లేదు. వారాల తరబడి కొలిస్తే ఒంట్లో కాడ్మియం గీత పైకి పాకుతూనే ఉంటుంది. తర్వాత వానపామును శుభ్రమైన మట్టిలోకి మార్చినా అది దిగడం బహు నెమ్మది. మామూలు నేలల్లో కూడా వానపాము ఎండుబరువులోని కాడ్మియం చుట్టూ ఉన్న మట్టిలో కంటే చాలా రెట్లు ఎక్కువ ఉండటం సాధారణం. సీసం విషయం దీనికి తలకిందులు. చాలా నేలల్లో ఒంట్లోని సీసం మట్టిలోని సీసం కంటే తక్కువే ఉంటుంది, కాల్షియం కరువైన ఆమ్ల నేలల్లో మాత్రం పెరుగుతుంది.

మరి అంత కాడ్మియం మోస్తూ వానపాము ఎలా తిరుగుతోంది? దాని పేగు చుట్టూ పసుపు-గోధుమ రంగులో ఒక కణజాలం ఉంటుంది. క్లోరాగోజెన్ అంటారు, మన కాలేయం చేసే పనుల్లో కొన్ని అది చేస్తుంది. అక్కడ మెటల్లోథయోనిన్ అనే చిన్న ప్రోటీన్ తయారవుతుంది. ఈ ప్రోటీన్ కుటుంబాన్ని మొదట 1957లో గుర్రం మూత్రపిండంలో కనుగొన్నారు, అదీ కాడ్మియం కోసం వెతుకుతుంటేనే. దీనిలో గంధకం ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. గంధకం కాడ్మియంను పట్టుకుంటే ఇక వదలదు. సీసానికి వేరే ఏర్పాటు ఉంది. అదే కణజాలంలో కాల్షియం, ఫాస్ఫేట్‌తో నిండిన సన్నటి రేణువులుంటాయి, సీసం వాటిలో ఇరుక్కుపోతుంది.

బీరువాలో పెట్టి తాళం వేసిన డబ్బు ఇంట్లోనే ఉన్నా ఖర్చుకు రాదు కదా, తాళం పడిన లోహం కూడా అంతే. మొత్తం బరువులో లెక్కకొస్తుంది, కణాల మీద పనిచేయదు. హాని చేసేది తాళం పడకుండా కణద్రవంలో స్వేచ్ఛగా తిరిగే భాగం. అందుకే ఈ రంగంలో కొందరు పరిశోధకులు వానపామును మొత్తంగా కొలవడంతో సరిపెట్టరు. కణజాలాన్ని నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, రేణువుల్లో ఎంత, ప్రోటీన్లకు అంటుకుని ఎంత, విడిగా ఎంత అని వేరుచేసి చూస్తారు. విషప్రభావాన్ని మొత్తం అంకె కంటే ఆ విడి అంకెలు బాగా చెబుతాయి.

ఈ తాళం వేసే పనిలో ఒక సరదా ఫలితం కూడా వచ్చింది. 2013లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ బృందం వానపాములను కాడ్మియం, టెల్లూరియం లవణాలు కలిపిన మట్టిలో ఉంచింది. వాటి క్లోరాగోజెన్ కణాలు ఆ రెండింటినీ కలిపి, వెలుగు వెదజల్లే క్వాంటమ్ డాట్లు అనే అతి చిన్న రేణువులను తయారుచేశాయి. ల్యాబుల్లో నానా తంటాలు పడి చేసే నానోరేణువులు, వానపాము విషం వదిలించుకునే పనిలో భాగంగా వచ్చేశాయన్నమాట.

అయితే ఈ ఏర్పాటు ఊరికే రాదు. ప్రోటీన్ తయారుచేయడానికి, అదనపు జింక్‌ను బయటికి తోయడానికి శక్తి కావాలి. ఆ శక్తి ఎదుగుదల నుంచీ, గుడ్ల నుంచీ తగ్గుతుంది. ఒక హద్దు దాటాక జింక్ అదుపు యంత్రాంగం చేతులెత్తేస్తుంది. ఒంట్లో అంకె పెద్దగా పెరగకపోయినా పని చెడిపోవడం అప్పుడే మొదలవుతుంది.

చావును లెక్కపెడితే చాలదు

విషప్రభావం కొలిచే పాత ప్రామాణిక పద్ధతి 1984లో వచ్చిన ఓఈసీడీ 207 (ఓఈసీడీ అంటే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ అనే అంతర్జాతీయ సంస్థ). నూటికి 70 పాళ్లు ఇసుక, 20 పాళ్లు కేయోలిన్ బంకమట్టి, 10 పాళ్లు పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల పదార్థం) కలిపి కృత్రిమ మట్టి తయారుచేస్తారు. దానిలో లోహ లవణం కలిపి, వర్మీకంపోస్టులో వాడే ఐసేనియా జాతి వానపాములను వదిలి, 14 రోజులకు ఎన్ని చచ్చాయో చూస్తారు. వానపాము చావాలంటే చాలా లోహం కావాలి. కానీ నేలలో వానపాముల సంఖ్య పడిపోవడానికి పెద్దవి చావనక్కర్లేదు, పిల్లలు పుట్టకపోతే చాలు.

1994లో బ్రిటన్ పరిశోధకులు ఐసేనియా మీద నాలుగు లోహాలను ఈ రెండు కోణాల నుంచీ చూశారు. సగం వానపాములు చావడానికి కిలో మట్టికి రాగి దాదాపు 680 మిల్లీగ్రాములు కావలసి వచ్చింది. కకూన్లు, అంటే గుడ్లుండే చిన్న తిత్తులు, సగానికి పడిపోవడానికి 53 సరిపోయింది. జింక్‌కు ఆ అంకెలు సుమారు 1000, 276. కాడ్మియం 300 దాకా వేసినా సగం చావలేదు, కకూన్లు మాత్రం 46 దగ్గరే సగమయ్యాయి. సీసానికి కకూన్ల అంకె 1940. మట్టి రిపోర్టులో సీసం అంకె చూడగానే మనకు టెన్షన్ వస్తుంది, రాగి అంకె మీదుగా కళ్లు జారిపోతాయి. వానపాము సంగతి వేరు, దాని సంతతికి రాగి కిలోకు 50 దగ్గరే గండం.

తర్వాత వచ్చిన ఓఈసీడీ 222 ఈ లోటును సరిచేసింది. పెద్దవాటిని 28 రోజులు ఉంచి తీసేస్తారు, కకూన్లు పొదగడానికి ఇంకో 28 రోజులు ఆగుతారు. పిల్లలను లెక్కపెట్టే తీరు చూడముచ్చటగా ఉంటుంది. పాత్రలను 50-60 డిగ్రీల వేడినీటి తొట్టిలో పెడతారు. అడుగు నుంచి వేడి ఎక్కుతుంటే దారాల్లాంటి పిల్లలు మట్టి పైకి వచ్చేస్తాయి, వాటిని ఏరి లెక్కపెడతారు.

ఈ అంకెలను యథాతథంగా పొలానికి తెచ్చి పెడితే మాత్రం పప్పులో కాలేసినట్టే. ల్యాబులో లోహ లవణాన్ని నీళ్లలో కరిగించి అప్పటికప్పుడు మట్టిలో కలుపుతారు, దాని ఘాటు తాజాగా ఉంటుంది. బయట నేలలో లోహం దశాబ్దాలుగా ఉండి రేణువుల లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర ఆవన్‌మౌత్ అనే చోట జింక్, సీసం, కాడ్మియం కరిగించే పెద్ద కర్మాగారం 2003 దాకా నడిచింది. అక్కడి మట్టిని తెచ్చి పరీక్షిస్తే, అదే హాని జరగడానికి ల్యాబు మట్టి కంటే పది రెట్ల దాకా ఎక్కువ జింక్ పట్టింది.

ఆవన్‌మౌత్ చెప్పిన ఇంకో పాఠం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. కర్మాగారానికి దగ్గర్లో వానపాములు దాదాపు లేవు. తినేవాళ్లు లేక రాలిన ఆకులు కుళ్లకుండా మందంగా పేరుకుపోయాయి. అక్కడ కాడ్మియం, రాగి, సీసం, జింక్ నాలుగూ ఉన్నాయి, మరి దోషి ఎవరు? పేరు విని ఎవరైనా కాడ్మియంనో సీసాన్నో పట్టుకుంటారు. పరిశోధకులు ఒక్కో లోహం నేలలో ఎంత ఉందో, అది హాని చేయడానికి ఎంత కావాలో పోల్చి చూశారు. అన్నిటికంటే ముందు హద్దు దాటింది జింక్. కావలసిన లోహం, ఒంట్లో అంతగా పేరుకోని లోహం, అదే వానపాములను నేల ఖాళీ చేయించింది.

అంకె చదివే ముందు

ఒంట్లోని లోహం అంకెలను నమ్మే ముందు ఒకటి చూసుకోవాలి. వానపాము పేగు నిండా మట్టే. ఏరిన వానపామును అలాగే ఎండబెట్టి కొలిస్తే మనం కొలిచేది సగం వానపామును, సగం మట్టిని. అందుకే ముందు దాన్ని తడి ఫిల్టర్ పేపర్ మీద ఒకటి రెండు రోజులు ఉంచి పేగు ఖాళీ చేయిస్తారు. అది తన విసర్జనను తనే మళ్లీ తినేస్తుంది కాబట్టి పేపర్ మారుస్తూ ఉండాలి. సీసం లాంటి, మట్టిలోనే ఎక్కువగా ఉండే లోహాలకు ఈ జాగ్రత్త పాటించకపోతే ఫలితం మొత్తం తప్పుతుంది.

ఇంకో తిరకాసు రెట్ల లెక్కలో ఉంది. ఒంట్లోని లోహాన్ని మట్టిలోని లోహంతో భాగించి 'ఇరవై రెట్లు పేరుకుంది' అంటారు. వినడానికి భయంగా ఉంటుంది. కానీ కాడ్మియంలో ఈ నిష్పత్తి శుభ్రమైన నేలల్లోనే ఎక్కువ, కలుషితమైన నేలల్లో తక్కువ. మట్టిలో అంకె పెరిగినంత వేగంగా ఒంట్లో పెరగదు కాబట్టి భాగహారం కిందికి జారుతుంది. పెద్ద నిష్పత్తి కనబడిన నేలే మంచి నేల అయ్యే అవకాశం ఉంది!

వానపాములు ఉన్నాయంటే నేల మంచిదే అన్న మాటకు గట్టి జవాబు పాత గనుల్లో దొరుకుతుంది. ఇంగ్లండ్‌లోని డెవన్ గ్రేట్ కన్సోల్స్ అనే గనిలో 19వ శతాబ్దంలో రాగి, తర్వాత ఆర్సెనిక్ తవ్వారు. మామూలు వానపాములను చంపేసేంత ఆర్సెనిక్ ఉన్న ఆ గని వ్యర్థాల గుట్టల్లో లుంబ్రికస్ రుబెల్లస్ హాయిగా బతుకుతోంది. వాటి పిల్లలను శుభ్రమైన మట్టిలో పెంచి మళ్లీ ఆర్సెనిక్‌కు గురిచేసినా తట్టుకున్నాయి. అంటే అది కేవలం అలవాటు పడటం వల్ల వచ్చింది కాదు, వారసత్వంగా వస్తోంది. అలాంటి చోట వానపాము కనిపించడం నేల గురించి కంటే ఆ వానపాముల వంశం గురించే ఎక్కువ చెబుతుంది.

తాళం పడిన లోహం ఎవరి నెత్తిన పడుతుంది

వానపాముకు బెడద తప్పించిన ఆ కాడ్మియం దాన్ని తిన్నవారికి బెడద అవుతుంది. ఒంట్లో దాచిపెట్టిన లోహం పిట్ట పొట్టలోకి వెళ్లాక అక్కడి జీర్ణరసాల్లో కొంతైనా విడిపోతుంది. వానపాములే ముఖ్యమైన తిండిగా బతికే మోల్ అనే తవ్వుడు జంతువుల మూత్రపిండాల్లో, నెదర్లాండ్స్‌లోని కలుషిత ప్రాంతాల్లో కాడ్మియం బాగా ఎక్కువ కనబడింది. ఒకే మైదానంలో పురుగులు, వానపాములు తినే ష్రూలు అనే చిన్న జంతువులు, గడ్డి తినే వోల్ ఎలుకలు పక్కపక్కనే ఉన్నా, ష్రూల మూత్రపిండాల్లో కాడ్మియం ఎన్నో రెట్లు ఎక్కువ. వానపాము తట్టుకునే కొద్దీ, ఎక్కువ లోహంతో ఎక్కువ కాలం బతికే కొద్దీ, దాన్ని తినేవాటికి అందే మోతాదు పెరుగుతుంది. ఇక్కడ మొదటి ప్రశ్నకే, అంటే ఎంత పేరుకుందన్న దానికే విలువ. కాకపోతే ఆ విలువ వానపాము క్షేమానికి సంబంధించింది కాదు.

మిగిలింది నేలను శుభ్రం చేస్తాయన్న మాట. దీనికి చిన్న లెక్క చాలు. ఒక హెక్టారులో 20 సెంటీమీటర్ల పైమట్టి సుమారు 2600 టన్నులు తూగుతుంది. కిలోకు 3 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుంటే మొత్తం 7.8 కిలోలు. అదే హెక్టారులో వానపాములు టన్ను ఉన్నాయనుకుందాం, చాలా ధారాళమైన అంచనా. నీరు తీసేస్తే 200 కిలోలు మిగులుతాయి. మట్టి కంటే పది రెట్లు పేరుకున్నా వాటిలో ఉండే కాడ్మియం 6 గ్రాములు. ఒక్క వానపామును కూడా వదలకుండా ఏరి బయట పారేసినా 7,800 గ్రాముల్లో పోయేది 6. ఏరకపోతే అదీ పోదు, చచ్చాక మళ్లీ మట్టిలోకే వస్తుంది. పైగా వానపాములు తిరిగిన మట్టిలో కరిగే లోహం పెరిగినట్టు చాలా ప్రయోగాల్లో కనబడింది. అవి సేంద్రియ పదార్థాన్ని విరగ్గొట్టి, పీహెచ్‌ను మార్చి, అంటుకుని ఉన్న లోహాన్ని కదిలిస్తాయి. మొక్కల ద్వారా లోహాన్ని బయటికి తీసే పద్ధతుల్లో ఈ గుణం సాయపడవచ్చు. వానపాములు ఒంటరిగా చేసే పనైతే అది కాదు.

వర్మీకంపోస్టు విషయంలో ఈ అపోహ మరీ ఇబ్బందికరం. మురుగు బురదలాంటి లోహాలున్న పదార్థాన్ని వానపాములకు వేసి, వచ్చిన ఎరువు శుభ్రమైపోయిందనుకుంటారు. కిలోకు 2 మిల్లీగ్రాముల కాడ్మియం ఉన్న 100 కిలోల ఎండు పదార్థం కుళ్లి 50 కిలోలకు తగ్గిందనుకోండి. కార్బన్ గాలిలో కలిసిపోయింది, కాడ్మియం పోలేదు. వానపాములు తీసుకున్న కొద్దిపాటిని పక్కనపెడితే ఎరువులో కిలోకు దాదాపు 4 మిల్లీగ్రాములు తేలుతుంది. అందుకే వానపాములకు వేసే ముందు ముడిపదార్థాన్ని, తయారయ్యాక ఎరువును, రెండింటినీ లోహాలకు పరీక్ష చేయించాలి.